గొర్లివానిమెట్ట ఆడుతుంది

ఏడున్నరకి నూకరత్నం పట్టీల పెట్టె తెరిచి, పన్నెండు మంది ఆడపిల్లల మణికట్లకు పన్నెండు నాడిపట్టీలు తొడిగింది. పచ్చదీపం వెలిగిన పిల్ల వెలిగినట్టే వెళ్లి గీత మీద నిలబడుతోంది. ముప్పై మీటర్ల పరుగు నాలుగుసార్లు. కూర్చుని లేవడం ఇరవైసార్లు. ఎడమకీ కుడికీ తిరగడం పదేసిసార్లు. గొర్లివానిమెట్ట ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆటల పీరియడంటే ఇప్పుడంతే. గెలుపోటములు లెక్కగట్టే యంత్రం నిర్ణాయకానికి కావలసిన కొలతలు అవే. నీడపందిరి కింద వేడి ముప్పై తొమ్మిది దాటగానే పట్టీలు ఎర్రబడ్డాయి. ఆమె వాటిని విప్పించి, తుడిచి, మళ్లీ పెట్టెలో సర్దింది.

ఎనిమిదీ పదికి వరండాలోని ఫలితాల పలకమీద తేల్పుచీటీ వచ్చింది.

'బాలికల ఖోఖో, జిల్లా తొలి రౌండు. సాగరతీర ఉన్నత పాఠశాల 22. గొర్లివానిమెట్ట 9. తేలింది.'

పిల్లలు చెమట తుడుచుకుంటూ చదివారు. ఒకరొకరుగా క్లాసులకు కదిలారు. కెప్టెన్ పైడితల్లి మాత్రం పలక దగ్గరే నిలబడిపోయింది. పదో తరగతి పిల్ల, జట్టులో అందరికన్నా పొడవు.

"మేడమ్, ఆ తొమ్మిది పాయింట్లూ ఎవులు కొట్టినారో రాసిందా?"

నూకరత్నం చీటీ కిందికి జరిపి చూసింది. "నీకు నాలుగు. రమణమ్మకి మూడు."

"నాకు నాలుగేనా?" అంది పైడితల్లి. ఆ గొంతులో కోపం లేదు. దుకాణంలో తక్కువ తూచినవాడిని అడిగినట్టు అడిగింది.

ఎండలు ముదిరి, ఊరి శివార్లలో పందిరి నీడ గంటల లెక్కన దొరకడం మొదలయ్యాక, క్రీడాశాఖ ఈ పద్ధతి పెట్టి ఎనిమిదేళ్లయింది. ఇరు జట్ల కొలతలూ నిర్ణాయకం దగ్గర ఉంటాయి. తేడా ఆరు పాయింట్లలోపు ఉంటేనే ఆడిస్తారు. అంతకు మించితే ఆడకుండానే తేలిపోతుంది. గొర్లివానిమెట్టలో జట్టు కట్టి నాలుగేళ్లే. ఆ తేడా ఎన్నడూ ఆరుకు తగ్గలేదు. నూకరత్నం ఈ బడికి వచ్చిన నాలుగేళ్లలో ఆమె పిల్లలు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నాలుగేళ్లూ ఓడిపోయారు.

చీటీ అడుగున ఇంకో పేరా ఉంది. దాన్ని ఆమె పైకి చదవలేదు. వరుసగా నాలుగో ఓటమి కాబట్టి పదకొండో నిబంధన ప్రకారం జట్టు రద్దు. సోమవారం నుంచి ఆటల పీరియడ్ బదులు కుర్చీ వ్యాయామం. వ్యాయామ ఉపాధ్యాయిని మరో చోటికి.

పైడితల్లి అది కూడా చదివేసిందని ఆ పిల్ల మొహం చూస్తేనే తెలిసింది.

మూడో పీరియడ్‌లో నూకరత్నం కళలగదికి వెళ్లింది. రెండేళ్లుగా అక్కడి హాజరు కూడా ఆమె పనే. ఆ గదిలో సన్యాసయ్య మాస్టారు తప్పెటగుళ్ల ఆట నేర్పుతాడు. అరవై దాటిన మనిషి. తాతల నాటి విద్య. ఒకప్పుడు మగవాళ్లే ఆడేదాన్ని ఆయన ఆడపిల్లలకు పట్టించాడు. ఆ ఆడపిల్లలు వేరెవరో కాదు, ఖోఖో జట్టే. వేరే పిల్లలకు అంత ఎగురుడు చేతకాలేదు.

రేకు గుళ్లు ఛాతీకి కట్టుకుని, కాళ్లకు గజ్జెలు బిగించి, పన్నెండు మందీ వలయం కట్టారు. మణికట్లు బోసిగా ఉన్నాయి. మొదటి ఏడాది పట్టీలతోనే ఆడితే, ఛాతీమీద దరువుకు పట్టీలు బెదిరిపోయి, పన్నెండు మందికీ ఒకేసారి గుండెపోటు వచ్చిందని మూడు అంబులెన్సులను పిలిపించాయి. ఆ మర్నాడే ఈ బడి కళల పీరియడ్‌లో పట్టీలు నిషేధమని శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది.

దరువు మొదలైంది. పిల్లలు ఎగిరారు, గిర్రున తిరిగారు, ఒక మోకాలిమీద కూలబడి అంతలోనే లేచారు. నూకరత్నం హాజరు వేస్తూ వేస్తూ ఆగిపోయింది. రెండేళ్లుగా చూస్తున్న ఆటే. కానీ ఇవాళ ఆమె చూపు పిల్లల మోకాళ్లమీద పడింది. జేబులోని పాత స్టాప్‌వాచీ తీసి, రమణమ్మ కూర్చుని లేవడం లెక్కకట్టింది. నమ్మకం కుదరక ఇంకో ముగ్గురిని చూసింది. పొద్దున పందిరి కింద పట్టిన సమయంలో సగం.

"మాస్టారూ, ఒక్క నిమిషం ఆపండి. వీళ్లు ఇక్కడ ఇంత తొందరగా ఎలా లేస్తున్నారు?"

సన్యాసయ్య గుళ్లమీద చెయ్యి ఆనించి నవ్వాడు. "దరువు పడ్డాక లెగిస్తే ఆలీసమైపోద్దమ్మా. పడతాదని ముందే తెలవాల. పక్కదాని ఊపిరి ఇంటే తెలుస్తాది."

"పొద్దున నాకు అలా లేవరే."

"అక్కడ ఎవుల కోసం లెగాల మేడమ్?" అంది పైడితల్లి. "ఆ పెట్టె కోసమేనా?"

నూకరత్నం హాజరుపట్టీ మూసి, పైడితల్లిని వరండాలోకి తీసుకెళ్లింది. తేల్పుచీటీ చివర, కన్ను చికిలిస్తేగానీ కనబడని అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: 'ఆడింపు కోరేవారు మధ్యాహ్నం పన్నెండులోపు తెలపవలెను. ఇరు జట్ల కెప్టెన్ల సమ్మతి అవసరం.' ఎనిమిదేళ్లలో జిల్లాలో ఎవరూ దాని పక్కనున్న మీట నొక్కలేదు. ఓడినవాళ్లు కోరినా గెలిచినవాళ్లు ఎందుకు ఒప్పుకుంటారు?

"ఆడతావా?" అని అడిగింది నూకరత్నం.

పైడితల్లి బొటనవేలు అప్పటికే పలకమీద ఉంది.

పదకొండైంది. పదకొండున్నరైంది. నూకరత్నం ఎనిమిదో తరగతికి ఆరోగ్యపాఠం చెబుతోందన్న మాటేగానీ మనసంతా వరండాలోనే ఉంది. పన్నెండుకు ఎనిమిది నిమిషాలుండగా ఆమె ఫోన్ మోగింది. అవతల ఒక ఆడపిల్ల గొంతు.

"మేడమ్, నేను అన్వితనండి. సాగరతీర కెప్టెన్‌ని. ఆడింపు మీరు కావాలనే పంపారా, పొరపాటున చెయ్యి తగిలిందా అండీ?"

"కావాలనే పంపామమ్మా."

"మా సార్ వద్దంటున్నారండి. గెలిచిన మ్యాచ్ మళ్లీ ఆడటం దేనికని." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "మేడమ్, నేను కెప్టెన్‌ అయి మూడేళ్లయింది. ఇరవై ఆరు మ్యాచ్‌లు గెలిచానండి. అందులో ఆడినవి రెండే. మా ఇంట్లో కప్పులున్నాయి. వాటిని చూస్తే నాకేమీ గుర్తు రాదు."

నూకరత్నం క్లాసు గుమ్మం దాటి వరండాలోకి వచ్చింది.

"మీవాళ్లు మమ్మల్ని ఓడించగలరని మీరు నిజంగా అనుకుంటున్నారా అండీ?"

"అనుకుంటున్నాను."

"అయితే వస్తామండి," అంది అన్విత.

నాలుగున్నరకి, బయట ఆడకూడని వేడిగంట ముగిసింది. బడి మొత్తం పందిరి చుట్టూ చేరింది. చిన్నపిల్లలకు ఖోఖో అంటే కొలతలని మాత్రమే తెలుసు. ఇద్దరు పిల్లలు నిజంగా ఒకళ్లనొకళ్లు తరుముకుంటారంటే వాళ్లకు అదో వింత. నిర్ణాయకం తన పలకమీద గొర్లివానిమెట్ట గెలుపు అవకాశం చూపించింది: నూటికి మూడు.

మొదటి వంతులో సాగరతీర తరిమింది. వాళ్లు అదిలించిన తీరుకు మెట్ట పిల్లలు చెల్లాచెదురయ్యారు. ఏడు నిమిషాల్లో ఎనిమిది మంది ఔట్. విరామంలో పైడితల్లి మోకాళ్లమీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది.

"వాళ్లు నిజంగానే బాగా ఆడతన్నారు మేడమ్," అంది.

"అవును. ఇప్పుడు మీ వంతు. పొద్దున నాకు చూపించినట్టు కాదు. మాస్టారికి చూపించినట్టు ఆడండి."

ఎనిమిది మంది వరుసగా, ఒకరు ఇటు ఒకరు అటు మొహం పెట్టి కూర్చున్నారు. పైడితల్లి తరమడానికి నిలబడింది. ఈల మోగగానే నేలలో ఏదో చిన్న అదురు మొదలైంది. మొదట నూకరత్నానికి అర్థం కాలేదు. కూర్చున్న పిల్లలు మడమలతో మట్టిమీద మెల్లగా దరువు వేస్తున్నారు. చెవికి వినబడేంత కాదు, కాళ్లకు తెలిసేంత. పైడితల్లి ఒకదాని వీపు తట్టి "ఖో" అనేలోపే ఆ పిల్ల గాలిలో ఉంటోంది. ఆ ఖోకి ఈ ఖోకి మధ్య సందు లేదు. తప్పించుకునే అమ్మాయిలు తాము దూరబోయే చోట ఎవరో అప్పటికే లేచి ఉండటం చూసి తడబడ్డారు.

తొమ్మిది మంది ఔట్. పలకమీద మూడు కాస్తా ముప్పై ఒకటయింది. పందిరి చుట్టూ ఉన్న పిల్లలు గొంతులు చించుకుంటున్నారు. సన్యాసయ్య మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు మూసుకుని, పాదం మాత్రం కదుపుతున్నాడు.

మూడో వంతులో సాగరతీర మళ్లీ ఎనిమిది తీసింది. మొత్తం పదహారు. గెలవాలంటే మెట్టకు ఆఖరి వంతులో ఎనిమిది కావాలి. నాలుగు నిమిషాల్లో అయిదు వచ్చాయి. ఆరోదానికి రమణమ్మ మోచెయ్యి దోక్కుపోయింది, అయినా బయటికి రానంది. ఏడో ఔట్‌తో పదహారుకు పదహారు. నిమిషం మిగిలింది. బరిలో మిగిలిన ఇద్దరిలో అన్విత ఒకతి.

ఆ పిల్ల చేపలా జారిపోతోంది. ఇద్దరి మధ్య నుంచి వెళ్లింది, స్తంభం చుట్టూ తిరిగింది, వేళ్ల అంచుల్లోంచి తప్పించుకుంది. ఆమె మొహంలో భయం లేదు. నూకరత్నం అంత సంతోషంగా పరుగెత్తే పిల్లను చూసి చాలా ఏళ్లయింది. ఇరవై సెకన్లున్నాయనగా రమణమ్మ పైడితల్లికి ఖో ఇచ్చింది. పైడితల్లి నాలుగు అంగల్లో స్తంభం చేరి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఒళ్లంతా నేలకు సమాంతరంగా చాచి ఎగిరింది. తప్పెటగుళ్లలో ఒకరి భుజంమీద నుంచి ఇంకొకరు దూకే ఎగురే అది. ఆమె చెయ్యి అన్విత మడమకు తగిలింది.

పదిహేడు.

అన్విత మట్టిలో పడి, వెల్లకిలా తిరిగి, పెద్దగా నవ్వింది. పైడితల్లి పాకుతూ వెళ్లి ఆమెను లేపింది. తర్వాత ఎవరు ఎవరిని ఎత్తుకున్నారో చెప్పడం కష్టం. నూకరత్నాన్ని మాత్రం తొమ్మిదో తరగతి పిల్లలు ఎత్తబోయి, చేతకాక దింపేశారు. ఆమె నవ్వుతూనే ఉంది, కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి.

పలకమీద అక్షరాలు మారాయి: 'అంచనా తప్పినది. కారణం పరిశీలనలో ఉన్నది.'

పరిశీలనకు నలభై నిమిషాలు పట్టింది. సాగరతీర పిల్లలు మెట్ట పిల్లల దగ్గర తప్పెటగుళ్లు కట్టించుకుని చూసుకుంటూ ఉండగా పలకమీద ఉత్తరం వచ్చింది. నూకరత్నం దాన్ని సన్యాసయ్యకు చదివి వినిపించింది. లోపం దొరికింది. కళల పీరియడ్ కొలతలు తమ దగ్గర లేవు. దరువుకు బెదరని ఛాతీపట్టీలు రేపే వస్తాయి. ఇద్దరు ఉపాధ్యాయులూ సమ్మతిస్తే జట్టు కొనసాగుతుంది, ఇద్దరి పోస్టులూ శాశ్వతమవుతాయి, కళలగదికి కొత్త వేదిక వస్తుంది. సమ్మతించకపోతే ఈ పాఠశాల మ్యాచ్‌లకు తేల్పు ఇవ్వడం సాధ్యపడదు.

శాశ్వతం అన్న మాటను నూకరత్నం రెండుసార్లు చదివింది. ఆమెది ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం.

సన్యాసయ్య పలకకేసి వంగి చూశాడు. "తేల్పు ఇవ్వకపోతే మరేటవుద్దమ్మా?"

"ఓడామని రాయడానికి వాళ్లకు వీలుండదు. రద్దు చేయడానికీ వీలుండదు. ప్రతి మ్యాచూ ఆడించాల్సిందే."

"అదొక శిచ్చేటి?" అన్నాడు ఆయన. "మరి నీ ఉజ్జోగం?"

"ఆడుతున్న జట్టుకి టీచరు ఉండాలి కదా మాస్టారూ. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దాం."

ఆయన ముందు నొక్కాడు. తర్వాత ఆమె నొక్కింది: సమ్మతి లేదు.

పలక చాలాసేపు ఖాళీగా ఉండిపోయింది. ఆ తర్వాత ఒకే వరుస వచ్చింది. 'గొర్లివానిమెట్ట: అంచనా లేదు. ఆడవలెను.'

వెనకనుంచి అన్విత తొంగి చూసింది. ఛాతీకి గుళ్లు ఇంకా కట్టుకునే ఉంది. "మేడమ్, ఆ మీట మేం కూడా నొక్కొచ్చా అండీ? మాకు నాట్యం క్లాసుంది. అందులో మాకు పట్టీలు తొడుగుతారు. వద్దనొచ్చని ఎవరూ చెప్పలేదు."

"మీ నాట్యం టీచర్ని అడుగు. ఆమె ఒక్కరు సమ్మతి లేదన్నా చాలు."

అన్విత అక్కడే నిలబడి ఫోన్ తీసింది. అవతలి మాటలు సరిగా వినబడలేదు గానీ, మొదట చాలా ప్రశ్నలు వచ్చాయి, తర్వాత ఒక నవ్వు వినిపించింది. అయిదు నిమిషాలకు పలకమీద రెండో వరుస వచ్చింది. 'సాగరతీర: అంచనా లేదు. ఆడవలెను.' ఆ కింద, జిల్లాలోని మిగతా నలభై బడుల పేర్ల ఎదురుగా ఉన్న అంకెలు ఒకటొకటిగా మసకబారి, సున్నాలై, చెరిగిపోయాయి. ఆ రెండు బడులతో తలపడితే ఎవరు గెలుస్తారో తెలియకపోతే మిగతావాళ్ల లెక్కలూ నిలవవు మరి.

మట్టి కొట్టుకుపోయిన బట్టలతో పిల్లలంతా పలక ముందు గుమిగూడారు. పైడితల్లి అందరినీ తోసుకుని ముందుకు వచ్చింది.

"మేడమ్, తర్వాత మ్యాచ్‌లో ఎవులు గెలుస్తారు?"

నూకరత్నం పలక వైపు చూసింది. పిల్లల మొహాల వైపు చూసింది.

"తెలీదే," అంది, నోరారా.