చీకటి గదిలో వడ్లు

పొద్దున్నే వాకిట్లో పీట వేసుకుని బియ్యం చెరుగుతోంది జానకీబాయి. తొమ్మిదేళ్ల మనుమరాలు నర్మద ఎటునుంచి వచ్చిందో, రోజూలాగే రెండు కాళ్లూ బియ్యం గంపలో పెట్టేసింది.

“లచ్చిమిని తొక్కుతవా?” అంటూ జానకీబాయి పిల్లను రెక్క పట్టి అవతలికి గుంజింది. నర్మద గోడకు తల కొట్టుకుంటూ ఏడుపు లంకించుకుంది. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు మాట లేదు. ఎవరి మొహంలోకీ చూడదు, పిలిస్తే తిరగదు.

కోడలు ప్రమోదిని పరుగున వచ్చి కూతుర్ని పొదివి పట్టుకుంది. “బడికి యాళ్లయింది అత్తమ్మా.”

“ఏం బడి అది? చర్చి వెనక చీకటర్రల కూసోబెడుతుండ్రట. కిటికీలకు నల్లగుడ్డలు కట్టిండ్రని పక్కింటి బాలమల్లు చెప్పిండు. నోరులేని పిల్ల, ఎవ్వరితోటి చెప్పుకుంటది? ఇయ్యాల్టితోటి బంద్.”

“ఒక్కసారి చూసినంక బంద్ చెయ్యుండ్రి. నేనేం మాట్లాడ.”

జానకీబాయి కొంగు బిగించి కదిలింది. సుల్తానాబాద్‌లో ఆమె నోటికి జడవని వాళ్లు లేరు, ఆ టీచరమ్మ ఒక లెక్కా?

బడి గది లోపల నిజంగానే చీకటి. ఉట్టికి వేలాడే చిల్లుల కుండలో చిన్న దీపం. వెలుగు చుక్కలు చుక్కలుగా గోడల మీద, కప్పు మీద, జానకీబాయి చీర మీద మెల్లగా తిరుగుతోంది. ఎక్కడో సన్నగా మువ్వలు. ఇంట్లో ఒక్క క్షణం నిలవని నర్మద తొట్టెడు వడ్లలో పాదాలు దించుకుని, మొహం ఎత్తి ఆ వెలుగునే చూస్తోంది. ఆ మొహం అంత అందంగా ఉంటుందని జానకీబాయికి అప్పటిదాకా తెలియదు. బిగించిన కొంగు వదులు చేసుకుని పిల్ల పక్కన కూర్చుంది.

“ఎండ, లొల్లి, మనుషులు, అన్ని ఒక్కసారే మీద పడితే పిల్ల పరేషాన్ అయితదమ్మా,” అంది టీచరు ఎలీసబెతు. “ఇక్కడ ఒక్కటొక్కటే ఇస్తం. ఇచ్చి ఆగుతం.”

ఆమె నర్మద పాదాల మీద దోసెడు వడ్లు పోసి ఆపింది.

‘గింజల మీద కాళ్లా’ అనబోయింది జానకీబాయి. కానీ పడుచుతనంలో తానూ కల్లంలో వడ్లను కాళ్లతోనే కదా తిరగేసింది. ఆ మాట కాస్తా మింగేసింది.

చాలాసేపటికి నర్మద చెయ్యి తడుముకుంటూ వచ్చి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. లాగి వడ్లలో పెట్టింది. పెట్టి, ఆమె మొహంలోకి చూసింది.

“ఇంక పొయ్యమని అడుగుతుందమ్మా,” అంది ఎలీసబెతు.

జానకీబాయి పోసింది. నర్మద కిలకిలా నవ్వి మళ్లీ చెయ్యి లాగింది.

“రోజు గంప కాడికి గిందుకేనా బిడ్డా వచ్చుడు? అడుగుతున్నవని తెల్వక గుంజి పారేస్తినే,” అంటూ భోరుమంది.

మర్నాడు పొద్దున వాకిట్లో బియ్యం గంప లేదు. గంగాళం నిండా వడ్లు, అందులో నర్మద పాదాలు, ఎదురుగా జానకీబాయి. దోసెడు పోసి ఆపింది.

“అత్తమ్మా, బియ్యం చెరగలే, వంట యాళ్లయింది,” అంది ప్రమోదిని.

“జర ఆగు. పిల్ల అడగాలె.”

ప్రమోదిని వచ్చి అత్త పక్కన కూర్చుంది. పొయ్యి సంగతి మరిచి ఇద్దరూ ఆ చిన్న చేతి వైపే చూస్తున్నారు. అది మెల్లగా కదిలింది.