దుప్పట్ల గదిలో పాము

రామమోహన్ శవం ఆస్పత్రి గుమ్మం ముందు, పికప్ ట్రక్కు సీట్లో ఉంది.

ఎడమ మణికట్టు దగ్గర లోతుగా కోసి ఉంది. సీటంతా నెత్తురు. ట్రక్కు వెనక తొట్టిలో చచ్చిన పాము.

అది 1983 జూన్. జార్జియా రాష్ట్రంలో, హైవే పక్కన ఓ చిన్న ఊరు. ఆ ఊళ్ళో రామమోహన్‌కి, తమ్ముడు జగన్మోహన్‌కి కలిపి ఓ మోటెల్ ఉంది. రామమోహన్ భార్య జయంతి. వంటింటి కత్తితో ఆ చెయ్యి కోసింది ఆమే. ఆ మాట ఆమే ఒప్పుకుంది. ఇప్పుడు లాకప్‌లో ఉంది.

రెండో రోజు అట్లాంటా నుంచి దామోదర్ వచ్చాడు. ఒకప్పుడు గుంటూరులో సబ్ ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు ప్రైవేట్ డిటెక్టివ్. జయంతికి ఇంగ్లీషు రాదు కనక ఆమె లాయరు ఆయన్ని పిలిపించాడు. దామోదర్‌కి మనుషుల గొడవలంటే విసుగు పుట్టి చాలా కాలమైంది. అయినా చేతికి వచ్చిన పని వదలడు.

షెరిఫ్ హాలిస్ ఫ్రీజర్ లోంచి ప్లాస్టిక్ సంచీ తీసి బల్ల మీద పెట్టాడు.

"కార్న్ స్నేక్. విషం లేదు. మా పిల్లలు మెడలో వేసుకుని తిరుగుతారు. దీనికి భయపడి మొగుడి చెయ్యి కోసిందంటే నన్ను నమ్మమంటావా?"

దామోదర్ పామును వెల్లకిలా తిప్పాడు. పొట్ట మీద నలుపు తెలుపు గళ్ళు, మొక్కజొన్న గింజల్లా. మళ్ళీ బోర్లా తిప్పాడు. వీపు మీద మచ్చలు గొలుసులా ఉన్నాయి. చర్మం మాత్రం బూడిద పూసినట్టు మాసిపోయి ఉంది. కళ్ళ మీద నీలం కలిసిన తెల్లటి పొర.

"ఫ్రీజర్‌లో పెట్టాక ఇలా అయిందా?"

"లేదు. తెచ్చినప్పుడే ఇలా ఉంది. కుబుసం విడవబోతోంది. దానికి ముందు కొన్నాళ్ళు ఇంతే. సగం గుడ్డిగా ఉంటుంది. ఎక్కడో నక్కి పడుకుంటుంది. ముట్టుకుంటే కరుస్తుంది."

* * *

లాకప్‌లో జయంతి గోడ వైపు తిరిగి కూచుంది.

"నేను దామోదర్‌ని. ఏం జరిగిందో చెప్పమ్మా."

"చెప్పాను గదండీ అందరికీ."

"నాకు చెప్పలేదు."

ఆమె ఇటు తిరిగింది. "రూముకి దుప్పటి కావాలంటే మా ఆయన దుప్పట్ల గదిలోకి వెళ్ళారు. కేక వినపడింది. పరిగెత్తాను. చెయ్యి పట్టుకుని ఉన్నారు. మా మరిది కర్ర తీసుకుని, 'రక్తపింజర వదినా! మీ నాన్న చేసినట్టు చెయ్యి, తొందరగా!' అని అరిచాడు."

"మీ నాన్న ఏం చేసేవాడు?"

"పొలంలో ఎవర్ని పాము కరిచినా గాటు పెట్టి, చెడ్డ రక్తం తీసేసేవాడు. నలుగుర్ని బతికించాడు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ చెబుతూ ఉంటాను."

ఆ నలుగుర్నీ కరిచినవి విషం లేని పాములే అయి ఉంటాయి. దామోదర్ ఆ మాట పైకి అనలేదు.

"పాము ఎలా ఉంది?"

"బూడిద రంగు. మీద గొలుసు మచ్చలు. కళ్ళు తెల్లగా, గుడ్డిదానిలా. పింజరే అనుకున్నాను."

"దుప్పటికి రోజూ ఎవరు వెళతారు?"

"మా మరిది. తాళం అతని దగ్గరే. ఆ రోజు తనకి ఫోన్ వచ్చిందని అన్నగారిని వెళ్ళమన్నాడు."

"అన్నదమ్ములకి పడేదా?"

"మోటెల్ అమ్మేసి, షామ్‌బర్గ్ అని ఉత్తరాన ఓ ఊరుంది, అక్కడికి వెళ్ళిపోదామని ఈయన. అమ్మనివ్వనని అతను."

* * *

దుప్పట్ల గది వేడిగా ఉంది. మూల నీళ్ళ హీటర్. పక్కనే పెరట్లో పిట్టలకి వెయ్యడానికి కొన్న మొక్కజొన్న బస్తా, మూతి తెరిచి ఉంది. దామోదర్ బస్తా చుట్టూ చూశాడు. ఎలక పెంట లేదు. బోను లేదు, మందు లేదు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా స్టూలెక్కాడు. పై అరలో, హీటర్ వెనక, నీళ్ళ గిన్నె ఉంది. దాని పక్కన ఎండిపోయిన కుబుసాలు రెండు.

దిగి, షెరిఫ్‌కి ఫోన్ చేశాడు. "ఆవిణ్ణి, ఆ పామునీ తీసుకుని మోటెల్‌కి రండి."

* * *

లాబీలో నలుగురే ఉన్నారు. జయంతి చేతులకి బేడీలు. జగన్మోహన్ వదిన వైపు చూడలేదు.

"వదిన పానిక్ అయిపోయింది సార్. నేను స్టాప్ చేసే లోపే కోసేసింది."

"నువ్వూ పింజరే అనుకున్నావా?"

"అనుకోనా మరి? గుంటూరు జిల్లావాణ్ణి. పింజర నాకు తెలీదా?"

"ఎలా ఉందో చెప్పు."

"ఒళ్ళంతా నారింజ రంగు. ఎర్ర మచ్చలు, చుట్టూ నల్ల గీతలు. నిప్పులా మెరుస్తోంది. కళ్ళు కూడా ఎర్రగా."

దామోదర్ సంచీ విప్పి పామును టీపాయ్ మీద పడేశాడు.

"మెరుస్తోందా?"

జగన్మోహన్ వంగి పాము వంక చూశాడు.

"ఆ రోజు నువ్వు చూసింది ఈ పామునే. ఇది మాసిపోయి, గుడ్డిగా ఉంది. మీ వదిన చూసింది చూసినట్టు చెప్పింది. నువ్వు చెప్పిన రంగు దీనికి కొన్నాళ్ళ కిందట ఉండేది. అంటే నీకు దీనితో పాత పరిచయం."

"గాడ్! అదేదో షాక్‌లో..."

"దెబ్బ కొట్టే ముందు అది నీ మీదకి దూకిందా?"

"అది దూకే రకం కాదు, ఎప్పుడూ..."

ఆగిపోయాడు. ఆలస్యంగా ఆగాడు.

దామోదర్ ఇంగ్లీషులోకి మారాడు. "షెరిఫ్, పై అరలో నీళ్ళ గిన్నె ఉంది. పాత కుబుసాలు ఉన్నాయి. ఎలకల కోసం దీన్ని పెంచుకున్నాడు. విషం లేదని తెలుసు. ముట్టుకుంటే కరిచే రోజు చూసి దుప్పట్ల మధ్య పెట్టి, అన్నని పంపాడు. పింజర, అంటే మా దేశపు విషసర్పం, అని అరిస్తే ఆవిడ కోస్తుందనీ తెలుసు. అన్న పోతే, వదిన జైలుకి పోతే, మోటెల్ మిగిలేది ఇతనికే."

"పింజర అని అరిచాడా? ఆ మాట నాతో ఎవరూ అనలేదే."

"మీరు అడిగినప్పుడు అనువాదం చేసిందెవరు?"

షెరిఫ్ జగన్మోహన్ వంక చూశాడు. లేచి, జయంతి చేతుల బేడీలు విప్పి అతనికి వేశాడు.

జయంతికి ఇంగ్లీషు మాటలు అర్థం కాలేదు. పామును చూస్తూ ఉంది.

"దీనికి విషం లేదా అండీ?"

"లేదమ్మా."

"నేను కొయ్యకపోతే?"

అబద్ధం చెప్పొచ్చు. దామోదర్ భార్య ఆస్పత్రిలో ఆఖరిసారి 'నేను బతుకుతానా?' అని అడిగినప్పుడు కూడా చెప్పి ఉండొచ్చు. అప్పుడూ నోరు రాలేదు.

"బతికేవాడు. సబ్బుతో కడుక్కుని అన్నానికి వచ్చేవాడు."

ఆమె ఏడవలేదు. ఖాళీ మణికట్లు రెండూ కలిపి షెరిఫ్ ముందుకి చాపింది.

షెరిఫ్ తెల్లబోయాడు. "వెళ్ళిపోవచ్చని చెప్పు ఆవిడకి."

దామోదర్ చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. ఆమె చేతులు దించలేదు.