మిల్లు కూత

"నరేందర్‌కు ఉద్యోగం వచ్చింది!"

ఫోను పెట్టేసి దుర్గాభవాని గిర్రున తిరిగింది. పెళ్లయి నెల దాటలేదు. కొత్త గాజులు, కొత్త స్టీలు గిన్నెలు, నాచారంలోని ఈ ఒంటిగది రేకుల ఇల్లు, అన్నీ ఆమెకు ముద్దుగానే ఉన్నాయి. ఇప్పుడు ఇదొకటి! ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. భర్త నరేందర్ చేత పట్టుబట్టి అక్కడ దరఖాస్తు పెట్టించింది ఆమే. ఎలక్ట్రీషియన్ పని. రేపే చేరాలి.

"అత్తమ్మా, ఇంట్ల సేమ్యా ఉన్నదా? పాయసం జేస్త!"

"ఉన్నది గని, జర మెల్లగ ఎగురు బిడ్డా. రేకులు లేస్తయి," అంటూ సారలమ్మ నవ్వబోయింది.

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆమె తల కిటికీ వైపు తిరిగింది. గడ్డం గీసుకుంటున్న మామ హన్మయ్య చెయ్యి గాలిలో నిలిచింది. రేపటికని కొత్త చొక్కా తొడిగి గుండీలు పెట్టుకుంటున్న నరేందర్ కూడా అటే చూస్తున్నాడు. ముగ్గురూ ఒకేసారి, ఒకే దిక్కుకు. దుర్గకు మాత్రం ఏమీ వినబడలేదు.

"ఏందత్తమ్మా? ఏమైంది?"

"మిల్లు సైరన్," అన్నాడు హన్మయ్య.

"మిల్లెక్కడిది మామా? మీరు పనిజేసిన మిల్లు మూతబడి ఏండ్లాయె. మిషిన్లు అమ్మేసిన్రు, సైరన్ సుత పాత ఇనుముల పోయిందని మీరే చెప్తిరి గద?"

"మరి కూసేదెవరు?"

దుర్గ కిటికీ దగ్గరికి వెళ్లి చెవి ఒగ్గింది.

హన్మయ్య కొడుకు వైపు తిరిగాడు. "మెట్రో గిట్రో వద్దు. పాత కార్మికుని కొడుక్కే మొదటి నౌకరి అని మిల్లోళ్లు మాటిచ్చిన్రు. మిల్లు గేటు మళ్లా తెరిచిననాడు మనం ఈడ లేకుంటే పేరు కొట్టేస్తరు."

"సరే బాపూ," అంటూ నరేందర్ గుండీలు విప్పసాగాడు.

అంత తేలికగా! దుర్గ అతని చెయ్యి పట్టుకుంది. "సరే ఏంది? మీకూ ఇనవడుతదా అది?"

"చిన్నప్పటిసంది."

"రోజూనా? నేనొచ్చినంక ఒక్కనాడన్న ఎవరూ గిట్ల ఉలిక్కిపడలే గద!"

సారలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"రోజూ రాదు బిడ్డా." ఆమె వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. "మా తమ్ముడు బోడుప్పల్‌ల టిఫిన్ బండి పెడుదాం రమ్మన్ననాడు ఈ కూత ఇన్న. పోలే. వీనికి రామంతాపూర్ పాలిటెక్నిక్‌ల సీటొచ్చిననాడు ఇన్న. పంపలే. ఇగ ఇయ్యాల..." ఆమె భర్తను చూసింది. "పస్తులున్ననాడు ఎన్నడన్న కూసిందా? చెప్పు! మంచి కబురొస్తేనే కూస్తది గద అది!"

హన్మయ్య గడ్డం కత్తి కింద పెట్టాడు.

"మిల్లు మూస్తమని ఎవలూ చెప్పలే," అన్నాడు పసివాడిలా. "రోజు లెక్కనే సద్ది పట్టుకొని పోయిన. గేటుకు తాళం. అప్పటిసంది ఏ కొత్త గేటు పేరు చెప్పినా నాకు ఆ తాళమే కనవడుతది, కొడుకా." గడ్డం మీది నురగలోంచి కన్నీళ్లు జారాయి.

నరేందర్ తండ్రి ముందు కూర్చుని తువ్వాలుతో ముఖం తుడిచాడు. "నేను ఈ నౌకరికి పోత, బాపూ."

మళ్లీ ముగ్గురి తలలూ కిటికీ వైపు తిరిగాయి.

"కూసిందా?" దుర్గ గుసగుసగా అడిగింది.

హన్మయ్య తల ఊపాడు. కోడలి వైపు తిరిగాడు.

"రేపు ఇంకింత గట్టిగ కూస్తది. కూయనీ. పొద్దుగాల నలుగురం ఉప్పల్‌కు షేర్ ఆటో ఎక్కుదాం. నేను నడుమల దిగుతనంటే దిగనియ్యకు బిడ్డా. వీన్ని ఆడ గేటు లోపలికి నేనే తోలుత."