చాలిక

2071 నాటికి విశాఖపట్నం హోటళ్లలో పావు దోసె అమ్మేవారు. చాలామంది దాన్ని కూడా మిగిల్చి లేచేవారు. అందుకు కారణం డాక్టర్ ఇందుమతి కనిపెట్టిన ‘చాలిక’.

బియ్యపుగింజంత ఆ పరికరాన్ని చర్మం కింద అమర్చేవారు. అది రక్తంలోని చక్కెరను గమనిస్తూ, కడుపు నిండిందని మెదడుకు చెప్పే హార్మోన్‌ను అవసరమైనంత వదిలేది. ఇందుమతి దాన్ని తనలాంటి మధుమేహ రోగుల కోసం తయారుచేసింది. కానీ మధుమేహం లేనివాళ్లు కూడా సన్నబడటానికి ఎగబడ్డారు. వాళ్ల విషయంలో ఆమె ఒక జాగ్రత్త తీసుకుంది. తగిన బరువుకు రాగానే మందు దానంతటదే ఆగిపోవాలి.

అలా వేయించుకున్నవాళ్లలో ఆమె చెల్లెలు సుభాషిణి ఒకతె. స్కూల్లో లెక్కల టీచరు. ఒకరోజు పాఠం చెబుతూనే కుప్పకూలితే, తోటి టీచర్లు ఇందుమతి పరిశోధనాలయానికి తీసుకొచ్చారు. మంచం మీద ఎముకల గూడులా ఉన్న చెల్లెల్ని చూడగానే ఇందుమతికి అనుమానం పుట్టింది. చాలిక పాడైందా? అలాగైతే లక్షల మంది ఒంట్లో ఉన్న చాలికల మాటేమిటి?

పరీక్షాయంత్రాన్ని సుభాషిణి చేతికి ఆనించింది.

“పరికరం సక్రమంగానే ఉంది, డాక్టరుగారూ,” అంది యంత్రం.

“సక్రమంగా ఉంటే మనిషి ఇలా అయిపోతుందా? ముందు మందు ఆపెయ్యి!”

“మందు రావడం లేదు. నిరుడు వేసవిలోనే ఆగిపోయింది. ఆకలి సంకేతాలు చాలా బలంగా ఉన్నాయి.”

తప్పు తన చాలికది కాదు. ఇందుమతి ఒక్క క్షణం తేలిగ్గా ఊపిరి తీసుకుంది. అలా తీసుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది.

“సుభా, నీకు ఆకలెయ్యట్లేదా?”

సుభాషిణి గోడవైపు తిరిగింది. “ఎందుకెయ్యదక్కా? పిల్లల కేరేజీల వాసనకే కళ్లు తిరుగుతాయి.”

“మరి తినడానికేటయిందే నీకు?”

“తింటే మళ్లీ పాత సుభాషిణినైపోతాను. పెళ్లిళ్లలో నన్ను ఫొటోకి వెనక నిలబెట్టేవాళ్లు. ఇప్పుడు పిలిచి మరీ ముందు నిలబెడుతున్నారు. ఎంత బావున్నావే అని నువ్వైనా అన్నది ఎప్పుడు? నేను చిక్కాకే కదా!”

ఇందుమతి లోపలికి వెళ్లింది. గిన్నెలో గంజి కలిపి తెచ్చి, చెంచా నోటి దగ్గర పెట్టింది. సుభాషిణి పెదవులు బిగించి, అక్క చెయ్యి పట్టుకుంది.

“ఒక్క సాయం చెయ్యక్కా. ఆ మందు మళ్లీ వచ్చేలా చెయ్యి. ఈ ఆకలి ఓర్చుకోలేకపోతున్నాను.”

“డాక్టరుగారూ,” అంది యంత్రం, “ఆగిపోయిన చాలికలను మళ్లీ తెరవమని ఇలాంటి విన్నపాలు మన పరిశోధనాలయానికి రోజూ వస్తూనే ఉన్నాయి. వాళ్లందరికీ ఏం చెప్పమంటారు?”

ఇందుమతి చెంచాను చెల్లెలి పెదవుల దగ్గరే పట్టుకుని, అవి విచ్చుకుంటాయేమోనని చూస్తూ కూర్చుంది.