వైను మరిగించిన గంజు

రెండువేల ఇరవై నాలుగు, జూన్ పదహారు, ఆదివారం. జూలూరుపాడులోని ఆ ఇంట్లో, చర్చి నుంచి తిరిగివచ్చి బల్ల చుట్టూ కూర్చున్నవారు నలుగురు: రిబ్కా, ఆమె భర్త జయరాజ్, అతని అన్న అంతోనయ్య, కూతురు గ్రేస్. వసారాలో అడవి నుంచి వచ్చిన నేరేడు పండ్ల గంపలు. బల్లమీద రెండు కాగితాలు. ఒకటి, కిందటి క్రిస్మస్‌కు ఇంట్లో చేసిన నేరేడు వైనును పరీక్షించిన ల్యాబ్ పంపినది. రెండవది, పుట్టింటివారు రిబ్కాకు ఇచ్చిన స్థలంలోని షెడ్డులో గ్రేస్ చిన్న వైనరీ పెట్టుకోవడానికి తల్లి సంతకం చేయవలసిన అంగీకార పత్రం. గ్రేస్ హైదరాబాదులో కొలువు వదులుకొని వచ్చింది నాయనమ్మ నేర్పిన ఆ వైనును నమ్ముకొనే.

"ఇందుల మత్తన్నదే లేదంటున్నరు, పెద్దనాన్నా. ఉత్త షర్బతంట," అంది గ్రేస్ ల్యాబ్ కాగితం చూపిస్తూ.

అంతోనయ్య నవ్వాడు. "అందుకేనా, ఎన్ని గ్లాసులు తాగినా గుడికి సక్కగ నడిచిపోయేటోణ్ణి. అది నా భక్తి అనుకున్న."

గ్రేస్ తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నాయనమ్మ చెప్పినట్టే చేసినవా?"

"అన్నీ చేసిన..." రిబ్కా చూపు అటకమీద బోర్లించిన పెద్ద వంట గంజు మీద నిలిచింది. "ఆఖరుకు అండ్ల పోసి మరగబెట్టిన. ప్రతి ఏడూ."

జయరాజ్ ఖమ్మం దవాఖానాలో తాగుడు మాని ఇంటికి వచ్చిన సంవత్సరమే అత్తగారు మంచం పట్టింది. క్రిస్మస్‌కు ఈ ఇంట వైను ఆగకూడదని కోడలి చేయి పట్టుకొని మరీ అడిగింది. రిబ్కా ఆ మాట కాదనలేదు... ఆ జాడీలను భర్త పక్కన ఉంచుకోనూ లేదు. అందరూ క్యారల్స్‌కు వెళ్లిన వేళ కిటికీలు తెరిచి, ఘాటు చచ్చేదాకా మరిగించింది. ఆపైన ప్రతి పండుగకూ వడ్డిస్తూ, ఎవరు ఏమంటారోనని తలవంచుకొనే తిరిగింది. జయరాజ్ జేబులు, అతని ఊపిరి, అతను వచ్చే వేళలు... ఇన్నేళ్ల ఆమె బతుకంతా ఒక కాపలా!

"నాకు తెలుసు," అన్నాడు జయరాజ్ మెల్లగా. "మొదటి క్రిస్మస్‌కు అందరూ బలవంతపెట్టి గ్లాసు చేతుల పెట్టిండ్రు. నాలిక మీద పడ్డంక అందుల మత్తు లేదని తెలిసింది. నీ మీదికి మాట రావద్దని, ఘాటుగుందని నేనే గట్టిగ అన్న."

"తెలిసీ నాకు చెప్పలే?"

"చెప్తే ఇంకో తీరుగ కాపలా కాస్తవని. కాసీ కాసీ నువ్వు అలసిపోయినవ్, రిబ్కా. ఇగ నన్ను నేను కాసుకుంట."

"షెడ్డుల ఉండేది నిజం వైను. నువ్వు పడిపోతే లేపే ఓపిక నాకు లేదు."

"పడనని ఒట్టు పెట్టను. ఒట్లు శానా పెట్టిన." అతను కూతురి వైపు తిరిగాడు. "గంపలు నేను మోస్త, గింజలు నేను తీస్త. పండు జాడీలకు పోయినంక ఆ షెడ్డు గడప తొక్క. గట్లనే రాయి, బిడ్డా. తాళంచెవి మీ అమ్మ దగ్గర ఉంటదని గూడ రాయి."

తండ్రి అడుగుపెట్టరాదని రాయడానికి గ్రేస్ చేయి ఆడలేదు. "రాయమ్మా," అన్నాడు అంతోనయ్య, ఈసారి నవ్వకుండా. ఆమె కన్నీళ్లతోనే రాసింది. దాని కింద ముందుగా జయరాజ్ సంతకం చేశాడు.

రిబ్కా కలం అందుకుని, తాళంచెవి మాటను కొట్టేసింది.

"అది నాకొద్దు. నీ దగ్గరే పెట్టుకో, గ్రేస్. నేనిగ కాపలా కాయలేను."

సంతకం చేసి, కలం బల్లమీద పెట్టింది. తరువాత భర్తతో అంది. "ఆ గంజు దించు. పండ్లు కడగడానికి పనికొస్తది."

జయరాజ్ స్టూలెక్కాడు. రిబ్కా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ట్రంకుపెట్టెలో అత్తగారి తెల్లచీర కింద దాచి, మూత వేసింది.