అద్దంలో లేని జేజి

ఎలీషబా బడి నుంచి వచ్చేసరికి జేజి గోడకు ముఖం పెట్టి నిలబడి ఉంది. చెయ్యి పైకి చాపి ఏదో తడుముతోంది.

"ఏంది జేజీ, ఏం చేస్తుండావు?"

"ఈ గూడు మళ్లీ పైకి పోయింది షబా," అంది జేజి గొంతు తగ్గించి. "పోయిన ఎండాకాలం చెయ్యి చాపితే నా బైబిలు అందేది. ఇప్పుడు చూడు."

జేజి అంటే షబా నాయనను కన్నతల్లి, మగ్దలీనమ్మ. గూడేమో రాతిగోడలో కట్టిన గూడు. పైకీ కిందికీ జరగడానికి అదేమైనా మేకుకు తగిలించిన సంచా? అయినా జేజి వేళ్లు నిజంగానే దాని అంచు దగ్గర ఆగిపోయాయి.

గూడొక్కటే అయితే సరే అనుకోవచ్చు. దండెం పైకి పోయింది. తలుపు గొళ్లెం పైకి పోయింది. జేజి పాత చీరలేమో పొడుగైపోయి నేల మీద జీరాడుతున్నాయి. అన్నిటికన్నా వింత అద్దం. ఇదివరకు జేజికి అందులో ముఖమంతా కనబడేది. తర్వాత గడ్డం కనబడకుండా పోయింది. ఆ తర్వాత నోరు. ఇప్పుడు కళ్లూ నుదురూ మిగిలాయి.

"ఇంట్లో ఏదో దూరింది," అనేది జేజి. "మీ నాయనకు చెప్పొద్దు. నాకు మతి పోయిందంటాడు."

షబా నాయనకు చెప్పలేదు. బడిలో మాత్రం అందరికీ చెప్పింది!

"మా ఇంట్లో దయ్యముంది. వస్తువుల్ని పైకి లాగుతోంది."

అంతే, మధ్యాహ్నం అన్నాల దగ్గర పిల్లలంతా షబా చుట్టూ మూగారు. గిద్దలూరు మొత్తంలో అంత గొప్ప ఇల్లు ఇంకెవరికుంది? సాజిదా ఒక్కతే మూతి తిప్పింది.

"అబ్బో, కోతలు! నువ్వు కళ్లారా చూసినావా?"

"చూసినా! అద్దం దానంతట అదే పైకి పోతాంటే చూసినా."

"అయితే ఆదివారం మేమూ వస్తాం. చూపించు."

షబా చేతిలోని ముద్ద మళ్లీ గిన్నెలో పెట్టేసింది. ఇప్పుడేం చెయ్యాలి?

శుక్రవారం సాయంత్రం అమ్మ టైలర్ షాపులో ఉంది. నాయన కరుణాకరం ఆటో తీసుకుని స్టేషన్ దగ్గరికి వెళ్లాడు. షబా స్టూలెక్కి అద్దం తీసి, పైనున్న క్యాలెండర్ మేకుకు తగిలించింది. సాజిదా రాకముందు ఎట్లా ఉంటుందో చూద్దామనుకుంది, అంతే.

అప్పుడే ఇంటి వెనక పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. గోడలు సన్నగా వణికాయి. గిన్నెలు గలగలలాడాయి. ఆ చప్పుడు ఆగేసరికి జేజి దువ్వెన పట్టుకుని అద్దం ముందు నిలబడి ఉంది.

అటూ ఇటూ జరిగి చూసింది.

"షబా," అంది చివరికి. "నేను లేనే."

"ఏంది జేజీ?"

"అద్దంలో నేను లేను!"

అందులో ఇంటి కప్పు ఉంది. చీకటి పడుతున్న కిటికీ పైరెక్క ఉంది. జేజి మాత్రం లేదు. ఆమె మునివేళ్ల మీద లేచి, మెడ సాచింది. వెనక నడుములో ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. "అమ్మా!" అంటూ జేజి కింద కూలబడింది.

ముందు ఎవరిని పట్టుకోవాలి? జేజిని కదా! షబా ముందు అద్దాన్ని పట్టుకుంది. దాన్ని పాత మేకుకు తగిలించి, ఆ తర్వాత కేకలు పెట్టింది.

మర్నాడు మార్కాపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ జేజి చెప్పిందంతా విని, ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చూపించింది.

"పెద్దమ్మా, మీ ఎముకలు గుల్లబారినాయి. ఆస్టియోపొరోసిస్ అంటాం. ఈ వెన్నుపూస నిన్న నలిగింది. ఈ రెండూ ఎప్పుడో నలిగి అణిగిపోయినాయి. మీ ఇంట్లో ఏదీ పైకి పోలేదు. మీరే కిందికి వస్తుండారు."

షబాకు దయ్యం కన్నా ఆ మాటకే ఎక్కువ భయమేసింది. జేజి కళ్ల ముందే కొంచెం కొంచెం కుంగిపోతోందన్న మాట!

"మందు ఉందా డాక్టరమ్మా?" అన్నాడు నాయన.

"ఉంది. వారానికొక మాత్ర. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట పడుకోకుండా నిటారుగా ఉండాలి. కానీ ఈమెకు కడుపులో మంట ఎక్కువంటున్నారు. మాత్రతో అది పెరగొచ్చు. లేదంటే ఏడాదికొకసారి సెలైన్‌లా ఎక్కించే మందుంది. ముందు రక్తపరీక్షలు చెయ్యాలి. ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావొచ్చు. ఏ మందుకైనా ముందు పళ్లు చూపించుకోవాలి. అరుదుగా దవడ ఎముకకు ఇబ్బంది వస్తుంది."

"ఏదీ వాడకపోతే?"

"ఈసారి తుంటి విరగొచ్చు. అప్పుడిక మంచమే."

జేజి తల అడ్డంగా ఊపింది. "నాకే మందూ వద్దు. ఎముకలు గుల్లబారితే మనిషి అద్దంలోంచి మాయమైపోతుందా? నా మనవరాలు కూడా చూసింది. ఏం షబా?"

అందరూ షబా వైపు చూశారు. షబా తల ఊపింది. ఎటు ఊపిందో తనకే తెలీదు.

ఆదివారం జేజి చర్చికి వెళ్లలేదు. దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. గంజి చల్లారిపోయింది.

"కొంచెం తాగు జేజీ."

"ఎందుకులే తల్లీ," అంది జేజి మెల్లగా. "నీడ ముందు పోయింది. ఇక నేను పోయేదే తరువాయి."

జేజి చచ్చిపోవడానికి సిద్ధమవుతోంది! తను మార్చిన ఒక్క మేకు వల్ల!

అప్పుడే వాకిట్లో అలికిడైంది. సాజిదా, ఇంకో ఇద్దరు పిల్లలు గడప దగ్గర ఒకరినొకరు తోసుకుంటున్నారు.

"షబా, ఏదే ఆ అద్దం?"

"చూపించమ్మా," అంది మంచంలోంచి జేజి. "నేను అబద్ధం చెప్పట్లేదని నువ్వయినా చెప్పు."

సాజిదా నవ్వుతుంది. రేపు బడంతా నవ్వుతుంది. నవ్వనీ!

"దయ్యం లేదు," అంది. "అద్దాన్ని నేనే పైకి తగిలించినా. మీకు చూపించాలని. జేజి పడిపోయినాక మళ్లీ కిందికి పెట్టేసినా. ఆసుపత్రిలో కూడా చెప్పలేదు."

చెబుతూ చెబుతూనే ఏడ్చేసింది. వంటింట్లోంచి వచ్చిన అమ్మా నాయనా అక్కడే ఆగి విన్నారు. సాజిదా నవ్వలేదు.

జేజి దుప్పటి తొలగించింది.

"అంటే... నేను ఉండానా?"

"ఉండావు జేజీ!" షబా ఆమె చెయ్యి పట్టుకుంది. "ఉండావు."

"ఓసి నీ అల్లరి గాలికి పోను! నా ప్రాణం పైకి పోయినంత పనైంది కదే!" జేజి షబా వీపు మీద ఒక్కటి వేసింది. వేసిన చేత్తోనే నిమిరింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఒరే కరుణాకరం, డాక్టరమ్మ చెప్పిందే నిజం, ఆ సెలైన్ మందే పెట్టించు. మాత్రతో వచ్చే కడుపుమంట నేను పడలేను. జ్వరం రెండు రోజులే కదా, ఓర్చుకుంటా."

పళ్లు చూపించారు. రక్తపరీక్షలయ్యాయి. డాక్టరమ్మ సరేనన్నాక మందు ఎక్కించారు. చెప్పినట్టే ఆ సాయంత్రం జేజికి జ్వరం వచ్చింది.

షబా పక్కనే కూర్చుంది. ఇల్లంతా మసకమసకగా ఉంది. జేజి ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

"ఆ మూలన ఎవరే? పొడుగ్గా నిలబడి ఉండారు..."

షబా అటు చూసింది. నిజమే, తెల్లగా, పొడుగ్గా ఏదో కదులుతోంది. షబా లేచి అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి, దాన్ని చేత్తో పట్టుకుంది.

"నీ చీర జేజీ. తడి ఆరలేదని నేనే ఇక్కడ వేసినా. ఇంకెవరూ లేరు."

చీర తీసి తెచ్చి జేజి చేతికిచ్చింది. జేజి దాన్ని తడిమి చూసుకుని, మెల్లగా నిద్రలోకి జారుకుంది.