కదిరిలో పులిసిన గ్యాసు

కదిరి బస్టాండు వెనక భోజనశాల నడిపే సుబ్బలక్ష్మమ్మ అనంతపురం వచ్చి, డిటెక్టివ్ దివాకర్ ఎదుట కూర్చుంది. పెరట్లోని గోబర్ గ్యాస్ తొట్టిలో ఎవరో విషం కలిపారట. పొయ్యి వెలగడం లేదు. అనుమానం కట్టెల అడితి ఎర్రన్న మీద. ఆమె కట్టెలు కొనడం మానేసిందని అతనికి కోపం. మొన్న తొట్టి దగ్గర తచ్చాడుతూ కనిపించాడు కూడా. సంగతి తేలకపోతే పోలీసుల దగ్గరికే పోతానంది.

దివాకర్ సహాయకుడు శ్రీరంగప్ప మనసులో ఎర్రన్నకు అప్పుడే సంకెళ్లు వేసేశాడు.

ఇద్దరూ కదిరి వెళ్లేసరికి సుబ్బలక్ష్మమ్మ భర్త శేషయ్య మజ్జిగ తెచ్చిచ్చాడు. అతని పంచె అంచున ఎర్రటి మరకలు చూసి, వక్కాకు కాబోలనుకున్నాడు శ్రీరంగప్ప. దివాకర్ తొట్టి మీద బోర్లించిన ఇనుప డ్రమ్మును తట్టాడు. అది నిండుగా తేలుతోంది. కానీ అగ్గిపుల్ల గీస్తే గ్యాసు అంటుకోలేదు. పేడనీళ్లు పోసే గుంతలో ఫినాయిల్ లాంటి విషాల వాసనేదీ లేదు. పులుపు వాసన మాత్రం ముక్కు బద్దలు కొట్టింది. అంచున సన్నటి గింజలు అంటుకుని ఉన్నాయి. ధర పడిపోయి రైతులు సంతలోనే టమోటాలు పారబోసి పోయారని పక్క దుకాణంలో తెలిసింది.

దివాకర్ అందరినీ పెరట్లోకి పిలిపించాడు. ఎర్రన్న బిగుసుకుని నిలబడ్డాడు.

"విషం పోసింటే లోపలి జీవులన్నీ సచ్చి, గ్యాసు పుట్టక డ్రమ్ము దిగిపోయేది. ఇది తేలతాండాది. పని జరుగుతానే ఉండాది, తప్పుదోవలో," అన్నాడు దివాకర్.

తొట్టిలో కంటికి కనపడని జీవులు రెండు జట్లని చెప్పాడు. ఒక జట్టు తిండిని పులియబెడుతుంది. రెండోది ఆ పులుపును తిని మండే గ్యాసు వదులుతుంది. మొదటిది చురుకు, రెండోది నిదానం. పేడకే అలవాటుపడ్డ తొట్టిలో ఒక్కసారిగా టమోటాలు పడేసరికి పులుపు పొంగి రెండో జట్టు చతికిలబడింది. ఇక వచ్చేదంతా మండని గాలే.

"ఎవరప్పా పోసింది?" అంది సుబ్బలక్ష్మమ్మ.

దివాకర్ శేషయ్య పంచె అంచు వైపు చూశాడు. మరకల్లోనూ అవే గింజలు. శేషయ్య తల వంచుకున్నాడు.

"నేనే పోసినా. ఊరికే పారేస్తాండారు గదా, గ్యాసు ఎక్కువొస్తే నువ్వు సంతోషపడతావని."

మందు కూడా దివాకరే చెప్పాడు. కొన్నాళ్లు ఏమీ వేయకూడదు. పులుపు విరగడానికి కాస్త సున్నపునీళ్లు, బాగా నడిచే మరో తొట్టిలోని పేడరసం పోయాలి. తర్వాత కూరగాయలు కొంచెం కొంచెంగా పెంచితే, కొత్త తిండిని తట్టుకునే జీవులే లోపల పెరుగుతాయి. నల్లమాడలో ఉన్న అలాంటి తొట్టి నుంచి ఆ రసం తన బండిలో తెస్తానన్నాడు ఎర్రన్న. గ్యాసు ఎట్లా పుడుతుందో చూడాలనే మొన్న వచ్చాడట, పాపం.

కొన్ని వారాల తర్వాత భోజనశాలలో నీలిమంట బుసబుసమంటుంటే శ్రీరంగప్పకు ఈల వేయాలనిపించింది. తొట్టి ఇప్పుడు సంత చెత్తంతా మింగేస్తోంది. సుబ్బలక్ష్మమ్మ మొదటి విస్తరి ఎర్రన్నకు వేసింది.

"నీ మీద నింద వేస్తినప్పా."

ఎర్రన్న అన్నం కలుపుకుంటూ నవ్వాడు. "దాందేముందిలే అక్కా. ఇంగ రోంత పప్పు వెయ్యి."